మొరాయించు కారు: నిదానము, చికిత్స



కారు పూర్తిగా చెడిపోయినచో కష్టము కలదు గాని సందేహము లేదు. మేస్త్రీని పిలుతుము, చెడిన భాగమును చూపును, మార్పింతుము, అంతటితో సరి. తెల్లవారుజామున చక్కగా కదలి, మధ్యాహ్నము నడిబజారున మొరాయించి, మేస్త్రీ వచ్చి బానెట్టు ఎత్తునప్పటికి ఏమియు నెరుగనిదానివలె మరల కదలిపోవు కారు కలదే, దానితోనే చిక్కు. దానిని నమ్మి ప్రయాణము కట్టలేము. చెడినదని మూలకు నెట్టనూ లేము. నేడు నేను మనవి చేయబోవునది అట్టి కారును గూర్చి.

తెలుగు, సంస్కృతము చెప్పి పింఛను పుచ్చుకొనుచున్న బడిపంతులునకు కారు ఇంజనుతో నేమి ప్రసక్తి యని మీలో కొందరకు తోచవచ్చును. నాకు బండి నడపుట రాదు. ఈ వయసున నేర్చుకొనవలెనను కోరికయు లేదు. అయినను కనబడు కార్యమునుబట్టి కనబడని కారణమును పట్టుకొనుట యెట్లో గురువులయొద్ద తర్కము చదివినప్పుడు కొంత తెలిసినది. ఆ పద్ధతి కారునకును పనికివచ్చునని మా గ్రామమున నొక సందర్భమున కంటిని.

మా వీధిలో నొక రైతు కలడు. అతని తల్లికి మూత్రపిండములు పనిచేయవు. వారమునకు రెండుమారులు ఆమెను ముప్పది కిలోమీటర్ల దూరముననున్న పట్టణమునకు డయాలిసిస్ నిమిత్తము తీసికొనిపోవలయును. మారు మారునకు నాలుగేసి గంటలు ఆమె రక్తమును యంత్రమున శుభ్రపరతురు. ఈ చికిత్సకు వాయిదా లేదు. ఒకటి రెండు మారులు తప్పెనా, ఒంటికి నీరు చేరును, ఊపిరాడదు. ఆపదవేళ పిలిచిన వచ్చు 108 వాహనము నాటి ఉమ్మడి ఆంధ్రప్రదేశమున 2005 ఆగస్టు 15వ తేదీన ప్రారంభమైనది, నిజమే. కాని యది ప్రాణాపాయమునకు. వారము వారము పోయివచ్చుటకు కాదు. అందుచేత అతడు పాతదైన పెట్రోలు కారు నొకదానిని కొనెను.

ఆ కారు ఇంటివద్ద ఏనాడును మొరాయింపలేదు. దారిలో టీకొట్టువద్దనో, పెట్రోలు బంకువద్దనో పది నిమిషము లాపి మరల తాళపుచెవి త్రిప్పినచో, ఒక్కొక్కప్పుడు ‘టక్కు’ మని యొక శబ్దము చేసి ఊరకుండును. అరగంటయో ముప్పావుగంటయో గడచిన పిమ్మట తనంత తానే కదలును. ఒకనాడు చికిత్స ముగించుకొని వచ్చుచు, నీరసించియున్న యా ముసలమ్మ మే నెల యెండలో రోడ్డుప్రక్క తుమ్మచెట్టు క్రింద నలుబది నిమిషములు కూర్చుండవలసివచ్చెను. అది మొదలు ఆమె కొడుకు దారిలో నెచ్చట నాగినను ఇంజను ఆపుట మానివేసెను.

పట్టణమున నొక మేస్త్రీ చూచి బ్యాటరీ మార్చెను. ఎనిమిది దినములు కారు బుద్ధిగా నడచినది. తొమ్మిదవనాడు మరల ‘టక్కు’. ఇక స్టార్టరు మార్చవలెనని యతడు చెప్పగా, రైతు చేబదులు కొరకు నాయొద్దకు వచ్చెను. అప్పిచ్చుటకు ముందు కారణ మడుగుట నా యలవాటు.

“బ్యాటరీలో దోషము లేదని యెట్లు తెలిసినది, నాయనా?” అంటిని.

“కొత్తది గదండీ మాస్టారూ! లైట్లు ధగధగ వెలుగుతున్నాయి, హారను మోగుతోంది. కరెంటు బాగానే వస్తోంది. ఇక మిగిలింది స్టార్టరేనండీ.”

ఈ మాట నతడొక్కడే కాదు, కారుగల ప్రతివాడును చెప్పును. ఇందులోని దోషమును కొంచెము విప్పిచూడవలయును. అందుకు ముందు కారు కదలు తీరు తెలియవలెను.

మన చిన్ననాట కారును ముందు వైపున ఇనుప కమ్మీ దూర్చి చేతితో త్రిప్పి లేపుటను చూచినవారు మీలో నుందురు. ఆ చాకిరిని తప్పించినవాడు అమెరికాదేశపు చార్లెస్ కెటరింగ్. ఆయన విద్యుత్తుతో త్రిప్పు పరికరమును 1912లో కాడిలాక్ కార్లకు అమర్చిరి. దానినే మనవారు ‘సెల్ఫు’ అందురు. అది చిన్న మోటారు. చేయు పని మాత్రము పెద్దది. అంత ఇంజనును చలనములేని స్థితినుండి త్రిప్పుటకు అది క్షణకాలము నూరు, నూటయేబది యాంపియర్ల విద్యుత్తును పుచ్చుకొనును. ముందరి దీపములు రెండును కలిసి పుచ్చుకొనునది పది యాంపియర్లలోపు.

విద్యుత్తు బ్యాటరీనుండి వెళ్లి ఊరకుండదు. తిరిగి బ్యాటరీకి చేరినప్పుడే పని జరుగును. వెళ్లుదారి ఎర్రని లావుపాటి తీగ. తిరుగుదారి ఇంజను ఇనుమే. అయితే ఇంజనును కదలిక తగ్గించుటకై రబ్బరు దిమ్మలపై కూర్చుండబెట్టుదురు. రబ్బరులో విద్యుత్తు పారదు. కావున ఇంజనునుండి బాడీ యినుమునకు జడవలె అల్లిన రాగితీగ యొకటి బిగింతురు. దానిని ఎర్తు అందురు. వెళ్లుదారిని అందరు చూతురు. వచ్చుదారిని చూచువారు తక్కువ.

ఇప్పుడు లైట్ల మాట చూడుడు. ఒక బిగింపులో నూరింట రెండువంతుల ఓము నిరోధము పుట్టినదనుకొందము. ఓము అనగా తీగలో ఎదురగు అడ్డంకికి కొలత. పది యాంపియర్లు దానిగుండా పోయిన, 12 వోల్టులలో నష్టమగునది ఐదింట నొకవంతు వోల్టు మాత్రమే. దీపమునకు తెలియనే తెలియదు. నూటయేబది యాంపియర్లు పోవలెనన్న మూడు వోల్టులు అచ్చటనే హరించిపోవును. పూడిపోయిన తూములోనుండి కడివెడు నీరు వచ్చుచున్నదని పదియెకరముల మడి తడియునా? అదియుగాక దీపముల తిరుగుదారి బాడీ రేకునుండి నేరుగా బ్యాటరీకి పోవును. ఇంజనునకు బిగించిన ఎర్తుతో దానికి పనియే లేదు. లైట్లు వెలుగుట మంచి తీగలున్నచోటను గలదు, తెగుటకు సిద్ధముగనున్న తీగయున్నచోటను గలదు. సాధ్యమున్నచోటను లేనిచోటను సమానముగా కనబడు హేతువును తర్కమున సవ్యభిచారమందురు. దానిని నమ్మి స్టార్టరు కొనుట ధనవ్యయము.

మరి కొత్త బ్యాటరీ వేసినపిదప ఎనిమిది దినములు నడచినదే, దాని మాటయేమి యని అతడు నన్నడిగెను. న్యాయమైన ప్రశ్నయే. కాకి వ్రాలినది, తాటిపండు పడినది. కాకి వ్రాలుటవలననే పడినదా? ఆ ఎనిమిది దినములలో దారిలో నెన్నిమార్లు ఆపి మరల నడిపితివని యడుగగా, రెండుమార్లే యనెను. అవియు వాన పడి చల్లనైన దినములట. రోగము వచ్చు సందర్భమే రానప్పుడు మందు పనిచేసినదని యెట్లు చెప్పగలము?

కావున స్టార్టరు మాట అప్పటికి కట్టిపెట్టించితిని. అతని కుమారుడు పాలిటెక్నిక్ చదువుచున్నాడు. వానిచేత నొక నోటుపుస్తకము తెరిపించి, కారు లేపిన ప్రతిమారు ఐదు సంగతులు వ్రాయుమంటిని: వేళ, అంతకుముందు ఎంతసేపు నడచినది, ఎంతసేపు ఆగినది, ఎండా వానా, చేసిన శబ్దమెట్టిది. కదలినప్పుడును వ్రాయవలెను, మొరాయించినప్పుడును వ్రాయవలెను. మొరాయించినవానినే వ్రాసినచో ఏమియు తెలియదు. మూడు వారములలో ఏడుమార్లు మొరాయించినది. ఏడుమార్లును అరగంటకు మించి నడచినపిమ్మటనే. ఏడుమార్లును ఐదు నిమిషములకు పైన, అరగంటకు లోపల ఆపినపిమ్మటనే. చల్లగానున్నప్పుడు ఒక్కమారైనను లేదు. పెట్రోలు తక్కువ యెక్కువలతో సంబంధము కనబడలేదు.

అప్పుడప్పుడు వచ్చు దోషము ఇచ్చ వచ్చినట్లు వచ్చునని జనులనుకొందురు. అట్లు కాదు. దానికి సహచరమైన పరిస్థితి యొకటి యుండును. అది కూడినప్పుడు వచ్చును, కూడనప్పుడు రాదు. ఇచ్చట ఆ సహచరము వేడి. నడచుచున్న ఇంజనును గాలియు నీరును చల్లబరచుచుండును. ఆపగానే ఆ రెండును ఆగును. లోపలి వేడి పైకి ప్రాకి పది, పదునైదు నిమిషములు బానెట్టు క్రింది వేడిమి ముందుకంటె పెరుగును. రాగి వేడెక్కినకొలది విద్యుత్తు నడ్డగించును. ఏబది డిగ్రీలు పెరిగిన నిరోధము ఇంచుమించు నూటి కిరువదివంతులు హెచ్చును. అంచుమీదనున్న బిగింపు చల్లనివేళ ఎట్లో గట్టెక్కి వేడివేళ చతికిలబడును. మేస్త్రీ యింటికి చేర్చునప్పటికి చల్లబడియుండుటచే వైద్యునియెదుట దాగిన జ్వరమువలె దోషము కానరాకుండెను. మేస్త్రీని నిందించుటకు వీలులేదు. లేనిదాని నతడు చూడలేడు.

నిదానమున నిమిత్తము, పూర్వరూపము, రూపము, ఉపశయము, సంప్రాప్తి యని వైద్యులు ఐదు మెట్లు చెప్పుదురు. వీనిలో ఉపశయ మనగా సందేహమున్నచోట తగిన ఉపచారమొకటి చేసి, అది ఊరట నిచ్చునో లేదో చూచి రోగమును గుర్తించుట. మేము కారునకును అదియే చేసితిమి.

ఒక ఆదివారము పిల్లవాడు వోల్టులు కొలుచు మీటరు తెచ్చెను. నలుబది నిమిషములు కారు నడపి చెరువుకట్టపై పది నిమిషము లాపితిమి. రెండుమార్లు కదలినది. మూడవమారు ‘టక్కు’ మన్నది. దోషము చేతికి చిక్కినప్పుడే కొలువవలెను గనుక ముగ్గురమును సిద్ధముగా నుంటిమి. తండ్రి తాళము త్రిప్పుచుండగా కుమారుడు ముందు బ్యాటరీ రెండు కొనలమధ్య కొలిచెను: 11.4. స్టార్టరు లాగుచున్న వేళ మామూలుగా తొమ్మిదిన్నర, పది వరకు దిగినను తప్పులేదు. ఇచ్చట అంత దిగనే లేదు. నీరు పారనిచో చెరువు మట్టము దిగదు గదా! బ్యాటరీ యీయజాలక కాదు, దారిలో పోనీయనిది మరియొకటి కలదని తేలినది. తరువాత బ్యాటరీ ఎర్రకొననుండి స్టార్టరు లావుతీగ కొన వరకు: 0.3. ఇదియు బాగుగనే యున్నది. పిమ్మట బ్యాటరీ నల్లకొననుండి ఇంజను ఇనుము వరకు: 4.2. అర వోల్టు మించకూడనిచోట నాలుగు వోల్టులకు పైన! స్టార్టరునకు మిగిలినది ఏడు వోల్టులకు లోపల. అంతటితో ఇంజను ఎట్లు తిరుగును?

ఇక ఉపశయము. ఒక బండినుండి మరియొక బండికి కరెంటిచ్చు లావుతీగలలో నల్లదానిని తీసి, ఒక కొన బ్యాటరీ నల్లకొనకును రెండవ కొన ఇంజనుపై రంగులేని ఇనుమునకును తగిలించితిమి. తాళము త్రిప్పినంతనే కారు గర్జించి లేచినది. ఆపి, ఆ తీగ తీసి, మరల త్రిప్పగా ‘టక్కు’. తగిలించిన లేచినది. అది యున్నప్పుడు కార్యమున్నది, లేనప్పుడు లేదు. అన్వయమును కుదిరినది, వ్యతిరేకమును కుదిరినది. నేను బడిలో ముప్పదియేండ్లు నోటితో చెప్పినది ఆ చెరువుకట్టపై రెండు నిమిషములలో కన్నులార చూచితిని.

ఎర్తు జడను విప్పగా బాడీవైపు కొనలో సగమునకు మించి పోగులు తెగి, తక్కినవి ఆకుపచ్చని చిలుముపట్టి పొడియగుచున్నవి. బోల్టు క్రింద తుప్పు. క్రొత్త జడ తెప్పించి, తుప్పును రంగును గరుకుకాగితముతో తెల్లని ఇనుము మెరయునంతవరకు రుద్ది, బిగించి, ఆపైన గాలి తేమ తగులకుండ వాసెలిను పూసిరి. వాసెలిను బిగించినపిమ్మటనే పూయవలెను. అయిన ఖర్చు స్టార్టరు వెలలో పదవవంతు కాలేదు. మరల వేడిమీద కొలువగా 0.2. రెండు వేసవులు గడచినవి; ముసలమ్మ ప్రయాణములకు కారువలన అంతరాయము కలుగలేదు.

దీనినిబట్టి ప్రతి కారు రోగమును ఎర్తు తీగయే యనుకొనరాదు. మొట్టమొదట విచారింపవలసినది వేరు: ఇంజను తిరుగుటయే లేదా, లేక తిరుగుచు అంటుకొనుట లేదా? ఈ రెంటిని కలిపి “స్టార్టు కాలేదు” అని చెప్పుటచేతనే మేస్త్రీలు సగముదారి తప్పుదురు.

తిరుగనిచో బ్యాటరీ, తీగలు, స్టార్టరు, ఈ మూటిలో వెదకవలెను. రాత్రియంతయు నిలిచియున్న బండి బ్యాటరీ 12.6 వోల్టులు చూపిన నిండుగా నున్నది, 12.2 చూపిన సగమే. 12కు లోపలనున్న ఖాళీ. ఇంజను నడచుచుండగా పదునాలుగింటికి అటునిటుగా చూపవలెను. చూపనిచో డైనమో నింపుట లేదన్నమాట, అప్పుడు బ్యాటరీని మార్చి ప్రయోజనము లేదు. మన యెండలకు బ్యాటరీ ఆయువు మూడు మొదలు ఐదేండ్లు. కొనలపై తెల్లని చిలుము పేరుకొనినచో వంటసోడా కలిపిన నీటితో బ్రష్షు పెట్టి రుద్ది, మంచినీటితో కడిగి, ఆరనిచ్చి, వదులులేకుండ బిగింపవలెను. చేతితో కదల్చిన కొన కదలెనా, అదియే రోగము కావచ్చును. కొనలు విప్పునప్పుడు నల్లది ముందు, బిగించునప్పుడు నల్లది కడపట. ఈ వరుస తప్పినచో పానా బాడీకి తగిలి నిప్పులు చిమ్మును.

తిరుగుచు అంటుకొననిచో పెట్రోలును, మంటపుట్టించు ప్లగ్గులును చూడవలెను. ఇప్పటి కార్లలో తాళము సగము త్రిప్పగానే వెనుకసీటు క్రిందినుండి రెండు క్షణములు సన్నని రొద వినవచ్చును. అది పెట్రోలు పంపు. వినబడనిచో ఫ్యూజు, రిలే, పంపు, ఈ వరుసను చూడవలెను. వేడిమీద మాత్రమే అంటుకొనక, చల్లబడిన అంటుకొనుచున్నచో ఇంజను తిరుగుటను కనిపెట్టు సెన్సారును సందేహింపవలెను. డాషుబోర్డుపై తాళము గుర్తుగల దీపము మిణుకుమిణుకుమన్నచో తాళపుచెవిలోని చిప్పును బండి గుర్తించుట లేదు. రెండవ చెవితో ప్రయత్నింపవలెను. 2014లో తయారీ నిలిచిపోయిన అంబాసడరువంటి పాత బండ్లున్నవారికి కార్బురేటరు, చోకు, పాయింట్ల సంగతి నేను చెప్పనక్కరలేదు. డీజిలు బండిలో మంటపుట్టించు ప్లగ్గు లేదు. గాలిని నొక్కిన వేడికే డీజిలు మండును. కావున చలికాలపు ఉదయమున మాత్రమే మొరాయించినచో వేడిచేయు ప్లగ్గులు చూపించుకొనవలెను.

ఇచ్చట మనలోని లోపము నొకదానిని చెప్పక తప్పదు. మేస్త్రీ క్రొత్త సామాను వేసిన దాని వెలయు కూలియు మారుమాటాడక యిత్తుము. రెండు గంటలు వెదకి వదులైన బోల్టు నొకదానిని బిగించిన, “ఇంతమాత్రమునకు డబ్బా?” యని గొణుగుదుము. వెదకుటకు కూలి యీయనిచోట వెదకువా డుండడు. సామాను మార్చువాడే యుండును. కారు నాతని కప్పగించునప్పుడు “అప్పుడప్పుడు ఆగుచున్నది” అనుటకు మారుగా, ఏ వేళ, ఎంత నడచి, ఎంత ఆగినపిమ్మట, ఏ శబ్దముతో మొరాయించునో చీటీమీద వ్రాసి యియ్యుడు. వెదకినందుకు వేరుగ ఇంత యిచ్చెదమని ముందే చెప్పుడు.

ఈ పరీక్షలు చేయు పిల్లలకు మీరు చెప్పవలసిన జాగ్రత్తలు కొన్ని కలవు. గేరు తప్పించి, చేతిబ్రేకు లాగవలెను. చేతి కడియము, ఉంగరము తీసివేయవలెను. చొక్కా చేతులు, తువ్వాలు, ఉత్తరీయము తిరుగు బెల్టునకు దూరముగ నుంచవలెను. బ్యాటరీవద్ద బీడీ కూడదు. దానినుండి వెలువడు హైడ్రోజను వాయువు నిప్పు తగిలిన ప్రేలును. సెల్ఫును పది సెకన్లకు మించి పట్టరాదు. పట్టినపిదప ఒక నిమిషము విశ్రాంతి నీయవలెను. గేరులు తమంత మారు బండిని నెట్టి లేపజూచుట వ్యర్థము.

ఒక్కటి మిగిలినది. పిల్లలు పట్టణములలో నుండగా ఊరిలో ముసలివారియింట కారు పది పదునైదు దినములు కదలక నిలిచియుండుట నేడు సాధారణము. నిలిచియున్న బండియు గడియారమునకు, అలారమునకు కొంచెము విద్యుత్తు వాడుకొనుచునే యుండును. అది యాంపియరులో ఇరువదవవంతు మించకున్న చింతలేదు. డిక్కీలో దీపమొకటి ఆరకయో, పైన బిగించిన పాటలపెట్టె వలననో అది పదవవంతైనదనుకొనుడు: దినమునకు 2.4, పది దినములకు 24 యాంపియరు గంటలు. చిన్నకారు బ్యాటరీ మొత్తము సరకు 35. పదునొకండవ నాటి ఉదయమున బండి లేవకున్న ఆశ్చర్యమేమి? బండి ఆపి తలుపులు మూసిన అరగంటకు, నల్లకొన విప్పి మధ్య మీటరు పెట్టి కొలిపించి, ఒక్కొక్క ఫ్యూజే తీయించుచు రండు. ఏది తీసినప్పుడు సంఖ్య పడిపోవునో దొంగ ఆ దారిలో నున్నాడు. ఆ కొలత జరుగువరకు వారమున కొకమారైనను బండిని అరగంటసేపు రోడ్డుపై నడిపించుచుండవలెను; ఇంటిముందు నిలిపి రెండు నిమిషములు ఇంజను ఆడించినచో లేపుటకైన ఖర్చు కూడ బ్యాటరీకి తిరిగి చేరకపోవచ్చును.